ఎక్కడం, ఎక్కాలు, అకియో నొగుచి

2021 ఆగస్టు 6 రాత్రి టోక్యోలోని అవొమి అర్బన్ స్పోర్ట్స్ పార్కులో ఒలింపిక్స్ మహిళల స్పోర్ట్ క్లైంబింగ్ ఫైనల్ ముగిసింది. ఫలితాల పట్టికలో మూడో స్థానం ఎదురుగా 64 అని ఉంది. నాలుగో స్థానం ఎదురుగా కూడా 64 అనే ఉంది. మొదటి అంకె జపాన్ క్రీడాకారిణి అకియో నొగుచిది. రెండోది పోలండ్‌కు చెందిన అలెక్సాండ్రా మిరోస్లావ్‌ది. అంకె ఒకటే గానీ ఇద్దరూ అక్కడికి చేరిన దారులు వేరు. నొగుచి మూడు విభాగాల్లోనూ నాలుగో స్థానంలో నిలిచింది: నాలుగు నాలుగులు పదహారు, పదహారు నాలుగులు అరవై నాలుగు. మిరోస్లావ్ ఒక విభాగంలో ప్రపంచ రికార్డు బద్దలుకొట్టి మొదటి స్థానంలో నిలిచి, మిగతా రెండింటిలోనూ అందరికన్నా కింద, ఎనిమిదో స్థానంలో ఆగింది: ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు.

చిన్నప్పుడు ఎక్కాలు బట్టీపట్టిన ఎవరికైనా ఈ లెక్క ఇట్టే తెలిసిపోతుంది. గోడలు ఎక్కే ఆటలో ర్యాంకుల్ని ర్యాంకులతో గుణించడం ఎందుకన్నదే వింతగా తోస్తుంది. ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే నొగుచి రెండు దశాబ్దాల కెరీర్ కొత్తగా కనిపిస్తుంది. ఆమె గెలిచిన వాటిలోనూ, చేతిదాకా వచ్చి జారిపోయిన వాటిలోనూ ఆమె ఎలా ఎక్కిందన్నది సగమైతే, ఆ ఎక్కడాన్ని ఎవరు ఏ కొలబద్దతో కొలిచారన్నది మిగతా సగం.

ఆట గురించి ముందు కొంచెం చెప్పుకోవాలి. ఎక్కడం అనగానే మనకు మంచు, ఆక్సిజన్ సిలిండరు, శిఖరం మీద జెండా గుర్తొస్తాయి. ఇది వేరే లోకం. ఇక్కడ మనుషులు కట్టిన గోడ ఉంటుంది, దాని మీద రంగురంగుల ప్లాస్టిక్ పట్లు బిగించి ఉంటాయి. లీడ్ విభాగంలో నడుముకు తాడు కట్టుకుని, దారిలో ఉన్న క్లిప్పులకు దాన్ని తగిలించుకుంటూ ఆరు నిమిషాల్లో ఎంత పైకి వెళ్లగలిగితే అంత వెళ్లాలి. బౌల్డరింగ్‌కు తాడు లేదు. నాలుగు నాలుగున్నర మీటర్ల గోడ, కింద మందపాటి పరుపు. ఒక్కో గోడ ఒక చిక్కుముడి లాంటిది, దాన్ని నిమిషాల వ్యవధిలో విప్పాలి. పడితే మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. మూడోది స్పీడ్: 15 మీటర్ల గోడ మీద ఇద్దరు పక్కపక్కన పరుగు లాంటి పోటీ పడతారు. లీడ్‌లో, బౌల్డరింగ్‌లో ప్రతి పోటీకీ గోడ కొత్తది. దాన్ని తయారుచేసే రూట్ సెట్టర్లు ఏం అడగబోతున్నారో ముందుగా ఎవరికీ తెలియదు. ఒకరు ఎక్కుతుంటే మిగతావాళ్లు చూసి నేర్చుకోకుండా వాళ్లను వేరే గదిలో ఉంచుతారు. స్పీడ్ గోడ మాత్రం ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే, పట్లన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఒకే కదలికను వేలసార్లు సాధన చేసి సెకనులో పదో వంతును, వందో వంతును కోసుకుంటూ పోవడమే ఆ విద్య. మొదటి రెండింటికీ మూడోదానికీ పోలిక ఎంతంటే, చదరంగానికీ వంద మీటర్ల పరుగుకూ ఉన్నంత.

నొగుచి బౌల్డరింగ్ మనిషి. లీడ్ కూడా బాగా వచ్చు. స్పీడ్‌తో ఆమెకు ముప్ఫై దగ్గరపడే దాకా పనే పడలేదు.

ఆమె 1989 మే 30న టోక్యోకు ఈశాన్యంగా ఉన్న ఇబరాకి ప్రిఫెక్చర్‌లో, ర్యుగసాకి అనే ఊళ్లో పుట్టింది. ఇంట్లో వాళ్లది పశువుల పెంపకం. 2000లో, ఆమెకు పదకొండేళ్లప్పుడు, కుటుంబం సెలవులకు గువామ్ దీవికి వెళ్లింది. అక్కడి ఒక ఆటల కేంద్రంలో ఉన్న ఎక్కే గోడ ఆమెకు తొలి పరిచయం. తిరిగొచ్చాక సాధన మొదలైంది. ఏడాది తిరిగేసరికి తనకన్నా పెద్ద పిల్లలను దాటి జాతీయ యువ పోటీ గెలిచింది. కూతురి పట్టుదల చూసిన తండ్రి గొడ్ల సావిడిని మార్చి అందులో ఎక్కే గోడ కట్టించాడు. జపాన్ పత్రికలు ఆమె గురించి ఎప్పుడు రాసినా ఈ సావిడి ప్రస్తావన రాకుండా ఉండదు. అది ముచ్చటైన కథ గనుక అన్నిసార్లు రాశారని కొట్టిపారేయవచ్చు గానీ, అప్పటి పరిస్థితి తెలిస్తే ఆ గోడ విలువ వేరుగా తోస్తుంది. ఇప్పుడు జపాన్‌లో చాలా నగరాల్లో బౌల్డరింగ్ జిమ్‌లు ఉన్నాయి. ఆఫీసు వదిలాక చేతులకు సుద్దపొడి రాసుకుని గోడ ఎక్కేవాళ్లు లెక్కకు మించి ఉన్నారు. 2000 ప్రాంతంలో అంత లేదు. ఇంటి వెనకే గోడ ఉండడమంటే, రైలెక్కి వెళ్లే అవసరం లేకుండా, బడి అయ్యాక చీకటి పడేదాకా సాధన చేసుకునే వీలు.

ఆమెకు ముందు జపాన్‌లో ఎవరూ లేరని కాదు. యూజి హిరయామా 1998లో, 2000లో లీడ్ ప్రపంచకప్ సీజన్ టైటిల్ గెలిచాడు. యూరప్ వాళ్ల ఆటగా ఉన్నదాన్లో ఆసియా మనిషి శిఖరాన నిలవగలడని చూపించింది ఆయనే. అయితే మహిళల వైపు అలాంటి మెట్టు ఎవరూ కట్టలేదు. 2005లో మ్యూనిక్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పదహారేళ్ల నొగుచి లీడ్‌లో కాంస్యం తెచ్చింది. అదే ఏడాది జపాన్‌లో మొదలైన బౌల్డరింగ్ జపాన్ కప్‌ను మొదటిసారి నుంచి వరుసగా తొమ్మిదిసార్లు ఆమే గెలిచింది. 2008లో ఫ్రాన్స్‌లోని మోంటోబాన్‌లో బౌల్డరింగ్ ప్రపంచకప్ పోటీ గెలిచి, ఆ పని చేసిన తొలి జపాన్ మహిళ అయింది. ఆ తర్వాతి రెండేళ్లు, 2009, 2010, బౌల్డరింగ్ సీజన్ టైటిళ్లు ఆమెవే.

సీజన్ టైటిల్ అంటే ఏమిటో ఇక్కడ ఆగి చూడాలి, ఎందుకంటే నొగుచి అసలు బలం అక్కడే ఉంది. ఏడాదిలో వేర్వేరు దేశాల్లో వరుసగా ప్రపంచకప్ పోటీలు జరుగుతాయి. ఆ రోజుల్లో ఒక్కో పోటీలో మొదటి స్థానానికి 100 పాయింట్లు, రెండోదానికి 80, మూడోదానికి 65, నాలుగోదానికి 55, అలా తగ్గుతూ పోయేవి. చివరికి ఎవరి మొత్తం ఎక్కువైతే వాళ్లది సీజన్. ఒకసారి మెరుపులా గెలిచి, తర్వాతి రెండు పోటీల్లో సెమీఫైనల్ దగ్గరే ఆగిపోయేవాళ్లకు ఈ లెక్క పనికిరాదు. గోడ ఎలాంటిదైనా, ఒంట్లో ఎలా ఉన్నా, విమానం దిగిన మర్నాడైనా ఫైనల్‌కు చేరడం అలవాటైన వాళ్లకే అది దక్కుతుంది. ఒక్క మాటలో నిలకడ. నొగుచి 2009, 2010, 2014, 2015లలో నాలుగుసార్లు ఈ టైటిల్ గెలిచింది. మధ్యలో 2011 నుంచి 2013 దాకా ఆస్ట్రియాకు చెందిన అనా స్టోర్ గెలిచింది. 2008 కూడా స్టోర్‌దే. అంటే ఎనిమిదేళ్లపాటు ఆ టైటిల్ ఈ ఇద్దరి చేతులు దాటి బయటకు పోలేదు. విడి పోటీలు లెక్కేస్తే నొగుచికి బౌల్డరింగ్ ప్రపంచకప్‌లో 21 విజయాలున్నాయి.

ఇప్పుడు రెండో కొలబద్ద. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఒక్క పోటీతోనే తేలిపోతుంది. ఆ రోజు గెలిచినవాళ్లే ప్రపంచ ఛాంపియన్. 2014 నుంచి వరుసగా జరిగిన నాలుగు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో నొగుచి బౌల్డరింగ్ ఫలితాలివి: 2014 మ్యూనిక్‌లో రజతం, జర్మనీకి చెందిన యూలియానె వుర్మ్ వెనక. 2016 పారిస్‌లో కాంస్యం, స్విట్జర్లాండ్‌కు చెందిన పెట్రా క్లింగ్లర్, తన సహచరి మిహో నొనాకాల వెనక. 2018 ఇన్స్‌బ్రుక్‌లోనూ 2019 హచియోజిలోనూ రజతం, రెండుసార్లూ స్లొవేనియా అమ్మాయి యాన్యా గార్న్‌బ్రెట్ వెనక. ప్రపంచ ఛాంపియన్ అన్న మాట ఆమె పేరు ముందు ఎప్పుడూ చేరలేదు.

ఇది చూసి అసలు రోజున తడబడేదని తేల్చేసేవాళ్లున్నారు. ఆ అంకెలే ఇంకోలా కూడా మాట్లాడతాయి. నాలుగు ఛాంపియన్‌షిప్‌లు, నాలుగు పతకాలు. పైన నిలిచినవాళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు, పోడియం మీద ప్రతిసారీ ఉన్నది నొగుచి ఒక్కతే. తడబడే మనిషికి ఐదేళ్లలో నాలుగుసార్లు మొదటి ముగ్గురిలో చోటు దొరకదు. సీజన్ లెక్క ఈ గుణాన్ని నిండుగా చూపిస్తుంది, ఒక్కరోజు లెక్కలో ఇది సగమే కనబడుతుంది, అంతే. ఆమెకు ఎదురైన గార్న్‌బ్రెట్ ఎలాంటిదో కూడా మరిచిపోకూడదు. 2019లో జరిగిన ఆరు బౌల్డరింగ్ ప్రపంచకప్ పోటీలనూ ఒక్కటి కూడా వదలకుండా గెలిచింది గార్న్‌బ్రెట్. ఆ సీజన్‌లో రెండో స్థానం నొగుచిది. నొగుచికన్నా పదేళ్లు చిన్నదైన ఆ అమ్మాయి ఉన్న కాలంలో రెండో స్థానం సంపాదించడమే ఒక వృత్తి.

ఈ మధ్యలో ఆట కూడా కాళ్ల కింద కదిలిపోయింది. నొగుచి నేర్చుకున్న బౌల్డరింగ్‌లో వేళ్ల బలం, ఒంటి వంపు, బరువును ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి నెమ్మదిగా మార్చే నేర్పు ముఖ్యం. చిన్న అంచును వేలికొనలతో పట్టుకుని, తుంటిని గోడకు ఆనించి, చప్పుడు లేకుండా పైకి జరగడం ఆమె పద్ధతి. 2010ల మధ్యకు వచ్చేసరికి రూట్ సెట్టర్లు పెద్ద పెద్ద నున్నటి ఆకారాలు బిగించడం మొదలుపెట్టారు. వాటిని పట్టుకోవడానికి అంచు ఉండదు. పరిగెత్తి, ఎగిరి, రెండు చేతులూ ఒక కాలూ ఒకే క్షణంలో మూడు చోట్ల ఆనించి ఊపును ఆపుకోవాలి. ప్రేక్షకులకు అది కనువిందు, టీవీకి ఇంకా కనువిందు. పదిహేనేళ్ల వయసులో వీటి మధ్యే పెరిగిన పిల్లలకు అది మాతృభాష. ఇరవై ఐదు దాటాక నేర్చుకున్నవాళ్లకు పరభాష. 2017 బౌల్డరింగ్ జపాన్ కప్‌ను పద్నాలుగేళ్ల ఫుతాబా ఇతో గెలవడం ఆ మార్పుకు గుర్తు. 2016, 2017 సీజన్ టైటిళ్లు బ్రిటన్‌కు చెందిన షానా కాక్సీకి వెళ్లాయి.

చాలామంది అక్కడితో ఆపేస్తారు. నొగుచి ఆపకపోవడానికి కారణం 2016 ఆగస్టులో రియోలో జరిగిన ఒక సమావేశం. టోక్యో ఒలింపిక్స్‌లో స్పోర్ట్ క్లైంబింగ్ ఉంటుందని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అక్కడ నిర్ణయించింది. సొంత దేశంలో, ఆట మొట్టమొదటిసారి. దానితో వచ్చిన మెలిక ఏమిటంటే, పురుషులకు ఒకటి, మహిళలకు ఒకటి చొప్పున పతక పోటీలే ఇచ్చారు. విభాగాలేమో మూడు. ఏదో ఒకదాన్ని పక్కనపెట్టడం క్లైంబింగ్ అంతర్జాతీయ సమాఖ్యకు ఇష్టం లేక మూడింటినీ కలిపి ఒకే పోటీ చేసింది. ఒక్కో విభాగంలో వచ్చిన ర్యాంకుల్ని గుణించి, లబ్ధం తక్కువ వచ్చినవాళ్లను విజేత అంటారు. చెక్ దిగ్గజం ఆడమ్ ఓండ్రా లాంటి వాళ్లు బహిరంగంగానే విమర్శించారు. వాళ్ల అసంతృప్తిలో న్యాయముంది. బౌల్డరింగ్, లీడ్ చేసేవాళ్లు ఒక జాతి. స్పీడ్ వాళ్లు ఇంకో జాతి. ఒకరి పోటీలో ఇంకొకరు అంతకుముందు కనిపించిందే అరుదు.

జపాన్‌లో అప్పటికి స్పీడ్ గోడలే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఇరవై ఏడేళ్ల వయసులో నొగుచి ఆ గోడ ముందు కొత్త విద్యార్థిలా నిలబడింది. ఆమె తర్వాత పెళ్లి చేసుకున్న తొమోవా నరసాకికి స్పీడ్‌లో ఒక సొంత కనిపెట్టు ఉంది. మొదట్లో గోడ మీద ఎడమవైపుకు వంపు తిరిగే దారిని కోసేసి, ఒక పట్టును వదిలి నేరుగా పైకి దూకడం. ప్రపంచమంతా దాన్ని ‘తొమోవా స్కిప్’ అనే పిలుస్తోంది, స్పీడ్‌లో ఆరితేరినవాళ్లు కూడా దాన్ని నేర్చుకున్నారు. బౌల్డరింగ్ నుంచి వచ్చినవాడు స్పీడ్ వాళ్లకు పాఠం చెప్పాడంటే, అందరూ తిట్టుకున్న ఆ కలగూర పద్ధతి వల్ల కొంత మేలు కూడా జరిగిందని ఒప్పుకోవాలి.

2018 నొగుచికి రెండో ఇన్నింగ్స్ లాంటి ఏడాది. ఇరవై తొమ్మిదేళ్ల వయసులో సొంతగడ్డ హచియోజిలో ప్రపంచకప్ పోటీ గెలిచింది. సీజన్ టైటిల్ చివరి పోటీ దాకా ఊగిసలాడి, స్వల్ప తేడాతో మిహో నొనాకాకు వెళ్లింది. నొనాకా 1997లో పుట్టింది, నొగుచి గెలుపులు చూస్తూ పెరిగిన తరం. అదే ఏడాది జకార్తా, పాలెంబాంగ్ ఆసియా క్రీడల్లో క్లైంబింగ్ తొలిసారి ప్రవేశించింది. మూడు విభాగాలు కలిసిన మహిళల పోటీలో స్వర్ణం నొగుచిది.

మరుసటి ఏడాది ఆగస్టులో హచియోజిలోనే ప్రపంచ ఛాంపియన్‌షిప్, దానిలోనే ఒలింపిక్ అర్హత. మూడు విభాగాలూ కలిసిన కంబైన్డ్ ఫైనల్‌లో ఎనిమిది మంది ఉంటే నలుగురు జపాన్ అమ్మాయిలే: నొగుచి, నొనాకా, ఇతో, పదిహేనేళ్ల ఐ మోరి. ఒక దేశానికి ఇద్దరికే చోటు. అంటే ఆ రాత్రి అసలు పోటీ జపాన్ లోపలే. నొగుచి గార్న్‌బ్రెట్ వెనక రజతం తెచ్చుకుని, జపాన్ వాళ్లలో అందరికన్నా ముందు నిలిచి టోక్యో బెర్తు ఖాయం చేసుకుంది. టోక్యోతో ఆట ముగిస్తానని అప్పటికే చెప్పేసింది. రెండో బెర్తు మాత్రం పెద్ద రచ్చ అయింది. జపాన్ సమాఖ్య దాన్ని తర్వాతి పోటీల ద్వారా తేల్చాలనుకుంది. హచియోజి ఫలితాలతోనే అది నిండిపోయిందని అంతర్జాతీయ సమాఖ్య అంది. వ్యవహారం క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. 2020 డిసెంబరులో జపాన్ సమాఖ్య వాదన వీగిపోవడంతో నొనాకాకు చోటు ఖాయమైంది. ఆ లోపు ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడ్డాయి. ముప్ఫై ఒకటో ఏట రిటైర్ కావాల్సిన మనిషి ఇంకో ఏడాది శరీరాన్ని కాపాడుకోవాల్సి వచ్చింది. జిమ్‌లు మూతబడిన ఆ కాలంలో ఆమెకు మళ్లీ అక్కరకొచ్చింది ర్యుగసాకి పుట్టింటి ఆవరణే.

ఇక ఆ ఆగస్టు 6 లెక్కలోకి వద్దాం. ఫైనల్‌లో ఎనిమిది మంది. స్పీడ్‌లో మిరోస్లావ్ 6.84 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టి మొదటి స్థానం తీసుకుంది. సెమీస్‌లో ఓడిన ఇద్దరూ జపాన్ వాళ్లే కావడంతో మూడో స్థానం కోసం నొనాకా, నొగుచి పక్కపక్కన పరిగెత్తారు. నొనాకా గెలిచింది. అప్పటికి అదొక చిన్న పోటీ, తెల్లవారితే ఎవరికీ గుర్తుండని ఎనిమిది సెకన్ల వ్యవహారం. బౌల్డరింగ్‌లో మూడు గోడలు పెడితే పైదాకా వెళ్లింది గార్న్‌బ్రెట్ ఒక్కతే, అదీ రెండింటిలో. నొనాకాది మూడో స్థానం, నొగుచిది నాలుగోది. లీడ్‌లో గార్న్‌బ్రెట్ మళ్లీ మొదటిది, నొగుచి మళ్లీ నాలుగు, నొనాకా ఐదు. గుణిస్తే గార్న్‌బ్రెట్‌కు 5, నొనాకాకు 45, నొగుచికి 64.

ఇప్పుడు స్పీడ్‌లో ఆ చిన్న పోటీ ఫలితాన్ని తిప్పేసి చూస్తే? నొగుచి గెలిచి ఉంటే ఆమె లెక్క మూడు నాలుగులు పన్నెండు, పన్నెండు నాలుగులు 48. నొనాకాది నాలుగు మూళ్లు పన్నెండు, పన్నెండు ఐదులు 60. అప్పుడు రజతం నొగుచిది, కాంస్యం నొనాకాది. పతకాల రంగు మారింది ఇద్దరూ జీవితంలో ఎక్కువ కాలం పట్టించుకోని విభాగంలో, ఇద్దరూ ఒకే దేశపు జెండాతో పరిగెత్తిన ఆ ఒక్క పరుగులో.

లీడ్ వైపు నుంచి చూస్తే ఇంకా గుండె దడ. చివరి విభాగంలో నొగుచి ఒక్క స్థానం కిందికి జారి ఐదో స్థానంలో ఉంటే ఆమె లబ్ధం 80 అయ్యేది. 64తో కాంస్యం మిరోస్లావ్ మెడలో పడేది. ఇద్దరికీ 64 వచ్చాక, ఎక్కువ విభాగాల్లో ఎవరు ముందున్నారో చూశారు. బౌల్డరింగ్, లీడ్ రెండింటిలోనూ నొగుచే ముందు. ఆ రకంగా మూడో స్థానం తేలింది.

గుణకారం పెట్టడంలో ఉద్దేశం మెరుపుకు విలువనివ్వడం. ఒకచోట ఒకటో ర్యాంకు వస్తే అది మిగతా లెక్కనంతా కిందికి లాగేస్తుంది. స్పీడ్ వాళ్లకు అసలు అవకాశమే లేకుండా పోకుండా చేసిన ఏర్పాటు అది. దానివల్ల నష్టపోయేది నొగుచి లాంటి వాళ్లే. అన్నిచోట్లా బాగుండి ఎక్కడా మొదటిది కాని మనిషికి గుణకారం కటువైన మాస్టారు. ర్యాంకుల్ని గుణించే బదులు కూడి ఉంటే ఆ రాత్రి పట్టిక ఇలా ఉండేది: గార్న్‌బ్రెట్ 7, నొనాకా 11, నొగుచి 12, ఆస్ట్రియాకు చెందిన జెస్సికా పిల్జ్ 14, అమెరికాకు చెందిన బ్రూక్ రబుటు, ఫ్రాన్స్‌కు చెందిన అనూక్ జోబెర్ చెరి 15, మిరోస్లావ్, కొరియాకు చెందిన సియో చెహ్యున్ చెరి 17. మొదటి ముగ్గురూ వాళ్లే, అదే వరుసలో. కానీ నొగుచి కాంస్యానికి టై గండం ఉండేది కాదు, మిరోస్లావ్ అట్టడుగున ఉండేది.

స్పీడ్‌ను పూర్తిగా తీసేస్తే ఏమవుతుందన్నది ఇంకా ఆసక్తికరం, ఆశ్చర్యం కూడా. బౌల్డరింగ్, లీడ్ ర్యాంకులు మాత్రమే గుణిస్తే గార్న్‌బ్రెట్ 1, రబుటు 12, సియో 14, నొనాకా 15, పిల్జ్ 15, నొగుచి 16. ఏళ్ల తరబడి తను పోటీపడిన రెండు విభాగాల మీదే లెక్క నడిచి ఉంటే నొగుచి ఆరో స్థానానికి పడిపోయేది. స్పీడ్ లేని పోటీకి ఫైనలిస్టులే వేరేగా ఉండేవారు గనుక ఇది ఊహాలోకపు లెక్కే. అయినా ఒక సంగతి చెబుతుంది. ఆమెకు ఒలింపిక్ పతకం ఇచ్చింది ముప్ఫై దగ్గరపడ్డాక, ఇష్టం ఉన్నా లేకపోయినా నేర్చుకున్న ఆ పరాయి విద్య. నిలకడ అనే మాటను సాధారణంగా ఒకే పనిని ఏళ్ల తరబడి చేయడానికి వాడతాం. టోక్యోలో అది కొత్త పనిలో కూడా నాలుగో స్థానం కన్నా కిందికి జారకపోవడం అయింది.

ఆ ముందురోజు పురుషుల ఫైనల్ ఇదే నాణేనికి బొరుసు. నరసాకి ర్యాంకులు 2, 3, 6. లబ్ధం 36. ఆస్ట్రియాకు చెందిన యాకబ్ షూబర్ట్ ర్యాంకులు 7, 5, 1. లబ్ధం 35. ఒక్క పాయింటుతో కాంస్యం షూబర్ట్‌ది. అదే ర్యాంకుల్ని కూడితే నరసాకికి 11. గాయంతో ఫైనల్‌కు దిగలేకపోయిన ఒకరిని వదిలేస్తే, మిగతా వాళ్లందరికీ 12 లేదా 13. అంటే కూడిక పద్ధతిలో స్వర్ణం అతనిదే. నిబంధనలు ముందే అందరికీ తెలుసు, అందులో మోసం ఏమీ లేదు, స్పెయిన్ కుర్రాడు అల్బెర్తో హినెస్ లోపెజ్ న్యాయంగానే స్వర్ణం గెలిచాడు. అయినా ఒకే గోడల మీద ఒకే రోజు చేసిన పనికి ఒక లెక్కలో నాలుగో స్థానం, ఇంకో లెక్కలో మొదటి స్థానం వస్తాయంటే, పట్టిక చూసి మనిషిని తూచేవాళ్లు కాస్త తగ్గడం మంచిది.

నొగుచి చెప్పినట్టే అక్కడితో ఆట ఆపేసింది. అదే ఏడాది డిసెంబరులో ఆమె, నరసాకి పెళ్లి చేసుకున్నట్టు ప్రకటించారు. 2023లో వాళ్లకు పాప పుట్టింది.

ఆమె దిగిపోయిన చోట జపాన్ ఆగలేదు. 2003లో అదే ఇబరాకి ప్రిఫెక్చర్‌లో, త్సుకుబాలో పుట్టిన ఐ మోరి 2023లో బెర్న్‌లో లీడ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. నొగుచి పేరు ముందు చేరని మాట పొరుగూరి అమ్మాయి పేరు ముందు చేరింది. పారిస్ 2024 నాటికి ఒలింపిక్ కొలబద్ద మళ్లీ మారింది. స్పీడ్‌ను విడదీసి వేరే పతకం ఇచ్చారు. బౌల్డరింగ్, లీడ్ మాత్రం కలిపే ఉంచి, ర్యాంకులు వదిలేసి, ఒక్కోదానికి 100 చొప్పున మార్కులు వేసి కూడారు. మిరోస్లావ్ స్పీడ్‌లో స్వర్ణం గెలిచింది. ఫైనల్‌కు రెండు రోజుల ముందు ఆమె పెట్టిన ప్రపంచ రికార్డు 6.06 సెకన్లు. తనది కాని రెండు గోడల మీద ఎనిమిదో స్థానం మోయాల్సిన అవసరం లేకపోయేసరికి ఆమె అసలు స్థాయి అందరికీ కనబడింది. జపాన్ కుర్రాడు సొరాతో అన్రాకుకు పదిహేడేళ్ల వయసులో రజతం దక్కింది.

మోరికి మాత్రం పారిస్ ఇంకో పాఠం. ఆమె ఎత్తు 154 సెంటీమీటర్లు. ఫైనల్‌లో మొదటి బౌల్డర్ మొదలుపెట్టే పట్టే ఆమెకు అందేంత కింద లేదు. ఎగిరి పట్టుకోబోయింది, మళ్లీ మళ్లీ ఎగిరింది, సమయం అయిపోయింది, సున్నా వచ్చింది. ఆ తర్వాత లీడ్‌లో ఎనిమిది మందిలోనూ ఎక్కువ మార్కులు ఆమెవే. మొత్తం మీద నాలుగో స్థానం. రూట్ సెట్టర్లు పొట్టివాళ్లకు అన్యాయం చేశారని కొందరు, అందరికీ ఒకే గోడ గనుక ఎగరడం కూడా నేర్చుకోవాల్సిందేనని ఇంకొందరు రోజుల తరబడి వాదించుకున్నారు. రెండో వాదనలో కొంత నిజమున్నా, మొదలుపెట్టనివ్వని గోడ పరీక్షించేది నైపుణ్యాన్నే అనడం కష్టం.

2028 లాస్ ఏంజెలెస్‌లో మూడు విభాగాలకూ మూడు వేర్వేరు పతకాలు ఉంటాయి. గుణకారం లేదు, కూడిక లేదు. బౌల్డరింగ్ చేసేవాళ్లకు బౌల్డరింగ్ పతకం. ఆ క్రీడలు మొదలయ్యేనాటికి నొగుచికి 39 ఏళ్లు నిండి ఉంటాయి.